తక్కువ ఖర్చులో పైలట్ చదువు: హైదరాబాద్ పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ప్రతి ఏడాదీ పరీక్షలు అయిపోయిన వారానికే ఎవరో ఒకరు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరకు వచ్చి, "మేడం, పైలట్ అవ్వాలంటే ఏ యూనివర్సిటీలో చేరాలి? తక్కువలో ఎక్కడ అవుతుంది?" అని అడుగుతారు. కొందరు వెంట అమ్మానాన్నలను కూడా తీసుకొస్తారు. మా మేనల్లుడు ఇదే దారిలో వెళ్లాడు. రెండేళ్లన్న కోర్సు పూర్తి కావడానికి మూడున్నరేళ్లు పట్టింది. మా అన్నయ్య, వదిన ఎంత టెన్షన్ పడ్డారో దగ్గరుండి చూశాను. అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికిన సమాచారమంతా చదివాను, తెలిసిన పైలట్లను అడిగాను. పిల్లలకు నోటితో చెప్పే జవాబులనే ఇక్కడ రాస్తున్నాను.

పైలట్ అవ్వడానికి డిగ్రీ ఉండాలా?

అక్కర్లేదు. అందరూ తికమకపడేది ఇక్కడే. మన దేశంలో విమానం నడిపి జీతం తీసుకోవాలంటే కావలసింది కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్. దాన్ని ఇచ్చేది యూనివర్సిటీ కాదు, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అందరూ డీజీసీఏ అనే ఆఫీసు. దానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో ఇంటర్ పాసై ఉండాలి, క్లాస్ వన్ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష పాసై ఉండాలి, డీజీసీఏ పెట్టే రాత పరీక్షలు పాసవ్వాలి, 200 గంటలు విమానం నడిపి ఉండాలి, చివర్లో విమానం నడిపి చూపించే స్కిల్ టెస్ట్ గట్టెక్కాలి. ఈ జాబితాలో డిగ్రీ ఎక్కడా లేదు.

ఆ 200 గంటలకు కూడా లెక్క ఉంది. అందులో కనీసం 100 గంటలు విమానం బాధ్యత మీదే అయి ఉండాలి. క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి దూరంగా ఉన్న మరో చోటికి ఎగరడం, 20 గంటలు కావాలి. అందులో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, మధ్యలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి సాగాలి. రాత్రి పూట 5 గంటలు, పరికరాల ఆధారంగా నడిపే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ 10 గంటలు ఉండాలి. ఈ లెక్క తెలిస్తే ఏ బ్రోషర్ చూసినా అందులో ఏం ఉంది, ఏం లేదు అన్నది మీకే తెలిసిపోతుంది.

మరి బీఎస్సీ ఏవియేషన్, బీబీఏ ఏవియేషన్ అని యూనివర్సిటీలు ఇస్తున్నవి ఏమిటి?

బీబీఏ ఏవియేషన్ అంటే ఎయిర్‌పోర్టు, ఎయిర్‌లైన్ నిర్వహణ చదువు. దానితో విమానం నడపలేరు. ఎయిర్‌పోర్టు ఆఫీసు ఉద్యోగాలకు పనికొస్తుంది, అంతే. బీఎస్సీ ఏవియేషన్‌లో నావిగేషన్ (దారి లెక్కలు), మెటియొరాలజీ (వాతావరణ శాస్త్రం) లాంటి సబ్జెక్టులు ఉంటాయి. కొన్ని చోట్ల ఆ డిగ్రీతో పాటు ఏదో ఒక ఫ్లయింగ్ స్కూల్‌తో ఒప్పందం ఉంటుంది. అడ్మిషన్ కౌంటర్‌లో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "మీరు చెప్పిన ఫీజులో ఫ్లయింగ్ గంటలు ఎన్ని?" "అది వేరే అండి" అని జవాబు వస్తే, మీరు కడుతున్నది డిగ్రీ ఫీజు మాత్రమే. అసలు ఖర్చు ఇంకా మొదలే కాలేదు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి మూడేళ్లు బీఎస్సీ చేశాక ఈ సంగతి తెలుసుకుంది. ఆ రోజు ఆ పిల్ల ముఖం నేను మర్చిపోలేను.

బీటెక్ ఏరోనాటికల్ చేస్తే పైలట్ అవ్వొచ్చా?

అవ్వలేరు. అది విమానం డిజైన్, నిర్మాణం చదువు. దుండిగల్ వైపు జేఎన్‌టీయూకు అనుబంధంగా ఏరోనాటికల్ చెప్పే కాలేజీలు ఉన్నాయి, మంచి చదువే. పైలట్ లైసెన్స్‌కూ దానికీ సంబంధం లేదు.

డిగ్రీ లేకుండా పిల్లాణ్ని పంపాలంటే భయంగా ఉంది. రేపు మెడికల్ పోతే ఏం చేస్తాడు?

ఈ భయం న్యాయమైనదే. కాలో చెయ్యో విరిగినా, కంటికి ఏదైనా వచ్చినా పైలట్ మెడికల్ ఆగిపోవచ్చు. చేతిలో ఒక డిగ్రీ ఉండాలి. కానీ దానికి ఏడాదికి రెండు మూడు లక్షలు పోయాల్సిన పని లేదు. జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982 నుంచి నడుస్తోంది. ఇగ్నో కూడా ఉంది. వీటిలో దూరవిద్య ద్వారా డిగ్రీ చేసుకుంటూ, మరో పక్క ఫ్లయింగ్ చేయొచ్చు. మా మేనల్లుడు అలాగే చేశాడు. ఆ డిగ్రీ మొత్తానికీ అయిన ఖర్చు ఫ్లయింగ్‌లో రెండు మూడు గంటల ఖర్చంత కూడా లేదు. తక్కువ ఖర్చులో యూనివర్సిటీ ఏది అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే: డిగ్రీని చౌకగా తెచ్చుకోండి, డబ్బంతా ఫ్లయింగ్ మీద పెట్టండి.

మొత్తం ఎంత అవుతుంది?

మన దేశంలో సీపీఎల్ వరకు ఇప్పుడు ఎక్కువ చోట్ల 40 నుంచి 60 లక్షల మధ్య చెబుతున్నారు. ఆ తర్వాత ఎయిర్‌లైన్‌లో చేరాలంటే ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానం మీద టైప్ రేటింగ్, అంటే ఆ ఒక్క రకం విమానం నడపడానికి శిక్షణ, అనుమతి కావాలి. దానికి ఇంకో 12 నుంచి 20 లక్షలు. చాలామంది తల్లిదండ్రులు మొదటి అంకె విని అప్పు తీసుకుంటారు, రెండోది తర్వాత తెలుస్తుంది. రెండూ కలిపే లెక్క వేసుకోండి.

బ్రోషర్‌లో లేని ఖర్చులు కూడా రాసుకోండి. డీజీసీఏ పరీక్షల ఫీజులు, రాత పరీక్షలకు చెప్పే గ్రౌండ్ క్లాసులు, మెడికల్ కోసం ప్రయాణాలు, హాస్టల్, తిండి, యూనిఫాం, హెడ్‌సెట్, ఎగిరి చూపించే పరీక్ష, అంటే చెక్ రైడ్ ఫీజు, జీఎస్టీ, ఇంధనం ధర పెరిగితే అదనపు వసూలు. అన్నిటికంటే పెద్దది అదనపు గంటలు. అందరికీ సరిగ్గా 200 గంటలకే పూర్తి కాదు. సోలో, అంటే ఒంటరిగా ఎగరడం, ఆలస్యమైనా, చెక్ రైడ్ పోయినా మళ్లీ ఎగరాలి. అందుకే ప్యాకేజీ ధరతో పాటు, అదనంగా ఒక్కో గంటకు ఎంత తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. ఉదాహరణకు గంటకు 15 వేలు అనుకుంటే, ఇరవై గంటలు ఎక్కువైతే మూడు లక్షలు. రెండు ఇంజిన్ల విమానం మీద గంట ధర దానికి చాలా ఎక్కువ. చాలా స్కూళ్లు 185 గంటలు ఒక ఇంజిన్ విమానం మీద, 15 గంటలు రెండు ఇంజిన్ల విమానం మీద ఇస్తాయి. ఆ 15 గంటలు ప్యాకేజీలో ఉన్నాయో లేవో చూడండి.

ఎక్కడ తక్కువ చెబితే అక్కడే చేరితే తప్పేంటి?

మా అన్నయ్య చేసింది అదే. రెండు స్కూళ్లు చూశారు. ఒకటి ఇంకోదానికంటే ఆరు లక్షలు తక్కువ చెప్పింది, పైగా మొత్తం ఒకేసారి కడితే ఇంకాస్త తగ్గిస్తామన్నారు. మేడ్చల్ దగ్గరున్న ప్లాటు అమ్మి, మిగతాది అప్పు తీసుకుని మొత్తం కట్టేశారు. చేరిన తర్వాత తెలిసింది, అక్కడ ఉన్న మూడు విమానాల్లో ఎగిరేది ఒక్కటే. మిగతా రెండూ విడిభాగాల కోసం హ్యాంగర్‌లో ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరు, అందులో ఒకాయన మధ్యలోనే ఎయిర్‌లైన్‌కు వెళ్లిపోయారు. మొదటి నాలుగు నెలల్లో మావాడు ఎగిరింది పదకొండు గంటలు. పొద్దున్నే ఐదుకు లేచి తయారై కూర్చోవడం, మధ్యాహ్నం "ఇవాళ లేదు" అని వినడం, హాస్టల్‌కు తిరిగి రావడం. ఫోన్‌లో వాడి గొంతు చిన్నబోయేది. డబ్బు మొత్తం కట్టేశాం కాబట్టి అడిగే బలం మాకు లేకపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. అనుకున్న దానికంటే పద్దెనిమిది నెలలు ఆలస్యం. హాస్టల్, తిండి నెలకు 15 వేలు అంటే 2 లక్షల 70 వేలు. 30 లక్షల అప్పు మీద 11 శాతం వడ్డీ అంటే ఏడాదికి 3 లక్షల 30 వేలు, పద్దెనిమిది నెలలకు దాదాపు 5 లక్షలు. మిగిలాయనుకున్న ఆరు లక్షలు పోగా, ఇంకా లక్షన్నర పైన చేతి నుంచి పడింది. ఇంతటితో అయిపోలేదు. డీజీసీఏ నియమం ప్రకారం ఆ 200 గంటలు దరఖాస్తుకు ముందు ఐదేళ్ల లోపువి అయి ఉండాలి, సొంత బాధ్యతతో ఎగిరిన వాటిలో 15 గంటలు చివరి ఆరు నెలల్లోవి కావాలి. విమానం లేక నెలల తరబడి ఖాళీగా కూర్చున్న పిల్లలు ఆ 15 గంటల కోసం మళ్లీ డబ్బు కట్టి ఎగరాల్సి వస్తుంది. మావాడు కూడా కట్టాడు.

కాబట్టి ఫీజు ఎంత అని కాదు, లైసెన్స్ చేతికి వచ్చేసరికి ఎంత, ఎన్ని నెలల్లో అని అడగండి. తక్కువ ఖర్చు స్కూలు అంటే నాకు ఇప్పుడు ఒకటే అర్థం: చెప్పిన నెలల్లో గంటలు పూర్తి చేయించేది.

స్కూలు చూడటానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని మాట్లాడి వచ్చేయకండి. వాతావరణం బాగున్న మామూలు పని రోజు, ఉదయం ఏడు గంటలకల్లా అక్కడ ఉండండి. శిక్షణ విమానాలు ఎక్కువగా ఎగిరేది గాలి నెమ్మదిగా ఉండే ఆ పూటే. ఎన్ని విమానాలు బయటకు వచ్చాయో, ఎన్ని గాల్లోకి వెళ్లాయో చూడండి. వెబ్‌సైట్‌లో ఎనిమిది విమానాలని రాసి ఉండవచ్చు. ఆ రోజు ఎగిరినవి రెండైతే మీ లెక్క రెండే.

తర్వాత పిల్లలతో మాట్లాడండి, అదీ మేనేజ్‌మెంట్ చూపించిన పిల్లవాడితో కాకుండా, క్యాంటీన్‌లోనో, హాస్టల్ దగ్గరో. "గత నెలలో ఎన్ని గంటలు ఎగిరావు నాన్నా?" అని అడిగి, వీలైతే ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ చూపించమనండి. నెలకు పదిహేను, ఇరవై గంటలు ఎగురుతున్నవాళ్లు ఎక్కువగా కనిపిస్తే బండి బాగా నడుస్తున్నట్టే. ఐదారు గంటలే అంటే జాగ్రత్త పడాలి. ఎంతమంది పిల్లలకు ఒక విమానం, ఒక ఇన్‌స్ట్రక్టర్ అని అడగండి. పోయిన ఏడాది ఎంతమందికి సీపీఎల్ వచ్చింది, వాళ్లు ఎప్పుడు చేరారు అని అడగండి. నిజంగా బాగా నడిచే స్కూలు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోదు.

డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఆమోదం ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ల జాబితా ఉంటుంది. స్కూలు పేరు, ఆమోదం ఏ తేదీ వరకు ఉందో చూసుకోండి. 2025 నుంచి డీజీసీఏ ఈ స్కూళ్లకు ర్యాంకులు కూడా ఇస్తోంది. ఆ ర్యాంకు చూడండి, కానీ ఉదయం ఏడు గంటలకు వెళ్లి చూడటం మానకండి.

డబ్బు ఎప్పుడూ విడతలుగానే కట్టండి. ఎగిరిన గంటలకు తగ్గట్టు విడత. ఒకేసారి కడితే తగ్గింపు అన్నవారికి మర్యాదగా వద్దని చెప్పండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాసి ఉండాలి.

హైదరాబాద్‌లోనే నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీ అనేవారు. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయాక బేగంపేట శిక్షణకూ, వీఐపీల రాకపోకలకూ, సైనిక అవసరాలకూ మిగిలింది. అందుకే అక్కడ రన్‌వే ఎప్పుడూ మీ చేతిలో ఉండదు. వీఐపీ విమానం వస్తోందంటే శిక్షణ ఆగుతుంది. నగరం చుట్టూ దుండిగల్, హకీంపేట వాయుసేన కేంద్రాలు ఉన్నాయి కాబట్టి గగనతలం కూడా ఇరుకే. శివార్లలో నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ కూడా శిక్షణకు వాడుతూ వచ్చారు. ఇంట్లో ఉండి నేర్చుకుంటే హాస్టల్ ఖర్చు మిగులుతుంది, అది చిన్న మొత్తం కాదు. ఆ లాభం ఒక పక్క, ఆగిపోయే గంటలు మరో పక్క పెట్టి చూసుకోండి.

మనకు దగ్గర్లో ఇంకా చోట్లు ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2020లో ఫ్లయింగ్ స్కూళ్ల విధానాన్ని సరళం చేసి, రద్దీ తక్కువగా ఉండే ఎయిర్‌పోర్టుల్లో స్కూళ్లకు చోటిచ్చింది. ఆ జాబితాలో కర్ణాటకలోని కలబురగి, మన కడప కూడా ఉన్నాయి. కలబురగి హైదరాబాద్ నుంచి ఒక పూట ప్రయాణం. రద్దీ లేని రన్‌వే అంటే పిల్లవాడు ఇంజిన్ ఆన్ చేసుకుని నేల మీద ఎదురుచూసే సమయం తగ్గుతుంది.

ఇంకో మాట, ఎక్కడ చేరినా జూన్ నుంచి సెప్టెంబర్ వరకు మబ్బుల వల్ల గంటలు తగ్గుతాయి. ఆ నెలల్లో రాత పరీక్షలకు చదివేలా ప్లాన్ వేసుకోమనండి.

ప్రభుత్వ సంస్థలో చౌకగా చేయలేమా?

ఉత్తరప్రదేశ్‌లోని అమేథీ జిల్లా, ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, అందరూ ఇగ్రువా అంటారు. కేంద్ర పౌర విమానయాన శాఖ కిందిది. ప్రభుత్వానిది కదా, ఉచితమేమో అనుకుంటారు. కాదు, అక్కడా 45 లక్షలు, ఆ పైనే అవుతుంది. కానీ విమానాలు, రన్‌వే, ఇన్‌స్ట్రక్టర్లు సొంతం కాబట్టి ఆ డబ్బుకు విలువ ఉంటుంది. ప్రవేశ పరీక్ష ఉంటుంది, రిజర్వేషన్లు ఉంటాయి. ఫిజిక్స్, మ్యాథ్స్ బాగా వచ్చిన పిల్లలు తప్పకుండా రాయాలి. నా క్లాసులో ఎవరైనా పైలట్ అంటే ముందు ఈ పరీక్ష రాయమనే చెబుతాను.

అదే ఊళ్లో రాజీవ్ గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం కూడా ఉంది. 2013 నాటి చట్టంతో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఎయిర్‌పోర్టు, విమానయాన సేవల చదువులకు అది మంచి దారి. రెండు పేర్లూ కలిపేసుకోకండి.

మా అమ్మాయి బైపీసీ. ఇంకా వీలుందా?

ఉంది. ఫిజిక్స్ ఎలాగూ ఉంది కాబట్టి మ్యాథ్స్ ఒక్కటి జాతీయ సార్వత్రిక విద్యాలయం, అంటే ఎన్‌ఐవోఎస్ ద్వారా పన్నెండో తరగతి స్థాయిలో రాసి పాసైతే సరిపోతుంది. సీఈసీ పిల్లలైతే రెండూ రాయాలి. ఒక ఏడాది పడుతుంది, ఖర్చు కొన్ని వేలే.

అమ్మాయిలకు ఈ రంగం సురక్షితమేనా, అవకాశాలు ఉంటాయా?

మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలు. ప్రపంచ సగటు 5 శాతం చుట్టూ ఉంటుంది. ఇందులో మనం చాలా దేశాల కంటే ముందున్నాం. ఫీజు, పరీక్ష, గంటలు అందరికీ ఒకటే. హాస్టల్ ఎలా ఉందో మాత్రం అమ్మ స్వయంగా వెళ్లి చూసి రావాలి, ఊరవతల ఎయిర్‌ఫీల్డుల్లో అది ముఖ్యం.

రాత పరీక్షలు కష్టమా?

నావిగేషన్, మెటియొరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్ (విమానాల గురించి మొత్తంగా), టెక్నికల్ స్పెసిఫిక్ (మీరు నడిపే విమానం గురించి). ప్రతి దాంట్లో 70 శాతం రావాలి. వీటికి తోడు రేడియోలో మాట్లాడటానికి ఆర్‌టీఆర్ అనే పరీక్ష. ఇదివరకు టెలికాం శాఖ పెట్టేది, 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియమ్ తర్వాత అది కూడా డీజీసీఏ చేతికి వచ్చింది. ఇంటర్ ఫిజిక్స్ అర్థం చేసుకుని చదివిన పిల్లలకు ఇవి కొండలు కావు. బట్టీ పట్టినవాళ్లు నావిగేషన్ దగ్గర ఆగిపోతారు.

డబ్బు మిగిల్చే మార్గం ఇక్కడ ఒకటి ఉంది. ఫ్లయింగ్‌లో చేరకముందే ఇంట్లో ఉండి, ఈ పరీక్షల్లో వీలైనన్ని పాసైపోండి. గ్రౌండ్ క్లాసులకు అయ్యేది ఫ్లయింగ్‌తో పోలిస్తే చాలా తక్కువ. పరీక్షలు అయిపోయిన పిల్లవాడు స్కూల్లో చేరిన రోజు నుంచి ఎగరడం మీదే దృష్టి పెట్టగలడు. ఇంకో లాభం, ఆరు నెలలు చదివాక ఇది తనకు కాదనిపిస్తే, పోయేది వేలల్లోనే.

విదేశాల్లో చౌక అంటున్నారు. నిజమేనా?

గంటల లెక్క చూసి మాట్లాడాలి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, యూరప్‌లో ఇంటిగ్రేటెడ్ కోర్సుకు, అంటే ఒకే స్కూల్లో మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా చేసే కోర్సుకు, 150 గంటలకే కమర్షియల్ లైసెన్స్ వస్తుంది. ఆ ఫీజు చూసి చౌక అనుకుంటారు. కానీ మన డీజీసీఏకు 200 కావాలి. మిగతా 50 గంటలు అక్కడైనా ఇక్కడైనా కొనుక్కోవాల్సిందే. అమెరికాలో పార్ట్ 61 అనే, వీలును బట్టి నేర్చుకునే పద్ధతిలో 250 గంటలు, పార్ట్ 141 అనే, ఆమోదించిన సిలబస్‌తో నడిచే స్కూల్లో 190 గంటలు. అంటే 141లో చేసినవాళ్లు కూడా ఓ పది గంటలు కలుపుకోవాలి.

అక్కడ వాతావరణం బాగున్న రాష్ట్రాల్లో గంటలు వేగంగా పూర్తవుతాయన్నది నిజమే. తిరిగి వచ్చాక మాత్రం కన్వర్షన్, అంటే ఆ లైసెన్స్‌ను మన దేశపు లైసెన్స్‌గా మార్చుకునే పని ఉంటుంది. రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియొరాలజీల మీద కన్వర్షన్ పరీక్షలు రాయాలి, ఆ దేశం నుంచి లైసెన్స్ నిజమైనదేనని నిర్ధారణ రావాలి, ఇక్కడ మళ్లీ విమానం ఎక్కి టెస్టు ఇవ్వాలి. దీనికి నెలలు పడతాయి. డాలర్ పెరిగితే మధ్యలో ఫీజు పెరిగినట్టే.

అమెరికా యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేస్తే?

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను, అప్పు చేసి వెళ్లేవాళ్లకు వద్దు. అక్కడ ఎయిర్‌లైన్ పైలట్‌కు 1500 గంటలు కావాలి. ఏవియేషన్ డిగ్రీ ఉన్నవాళ్లకు 1000 గంటలకే అర్హత ఇస్తారు. అమెరికా పిల్లలు అంత ఫీజు పోసి డిగ్రీ చేసేది ఈ 500 గంటల తగ్గింపు కోసమే. అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేని మన పిల్లలకు ఆ తగ్గింపు ఎందుకూ పనికిరాదు. ఇండియా వచ్చాక ఆ డిగ్రీకి డీజీసీఏ దగ్గర ప్రత్యేకమైన విలువేమీ లేదు.

బ్యాంకు లోన్ ఇస్తుందా?

డీజీసీఏ ఆమోదం ఉన్న పైలట్ శిక్షణ బ్యాంకుల విద్యా రుణ పథకం పరిధిలోనే ఉంది. ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. 40 లక్షల రుణానికి ఇల్లో స్థలమో పెట్టాల్సిందే అనుకోండి. ఉన్న ఒక్క ఇల్లు పెట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు విద్యా రుణం వడ్డీ మీద మినహాయింపు దొరుకుతుంది.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో సీపీఎల్ కోర్సు మొదటి గ్రూపులోనే ఉంది. మొత్తం ఫీజుకు అది సరిపోదు, కానీ చాలామందికి ఉందనే తెలియదు. చేరకముందే మీ జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లి అడగండి.

ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రామ్ మంచిదా?

ఎయిర్‌లైనే పిల్లల్ని ఎంపిక చేసి ఫ్లయింగ్ స్కూల్లో శిక్షణ ఇప్పించే పద్ధతి ఇది. కోటి రూపాయలు, అంతకంటే ఎక్కువ అవుతుంది. టైప్ రేటింగ్‌తో సహా ఒకే దారిలో తీసుకెళ్తారు, ఉద్యోగం ఇస్తామన్న లేఖకు షరతులు ఉంటాయి. స్థోమత ఉన్నవాళ్లకు సరే.

పైలట్ల కొరత ఉందంటారు. మరి లైసెన్స్ ఉన్నవాళ్లు ఖాళీగా ఎందుకు ఉన్నారు?

2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చాయి. ఆ వార్తలు చూసి కన్సల్టెన్సీలు ఉద్యోగాలు రాసిపెట్టినట్టు చెబుతున్నాయి. కొరత ఎక్కువగా ఉన్నది అనుభవం ఉన్న కెప్టెన్లకు. 200 గంటల లైసెన్స్‌తో బయటకు వచ్చినవాళ్లు క్యూలో నిలబడాల్సి వస్తుంది, ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చు. ఆ రెండేళ్లు ఈఎంఐ ఎవరు కడతారో ఇప్పుడే తేల్చుకోండి. నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ఎవరైనా అంటే నేను ఆ ఆఫీసు నుంచి లేచి వచ్చేస్తాను.

అంత డబ్బు మా దగ్గర లేదు. ఆశ వదులుకోవాలా?

వద్దు. ఇంటర్ తర్వాత సైనిక దళాల్లో అధికారులుగా చేరడానికి రాసే ఎన్‌డీఏ పరీక్ష రాయండి. వాయుసేనలో ఎంపికైతే ఫ్లయింగ్ ఖర్చు మొత్తం ప్రభుత్వానిదే. వాయుసేన అకాడమీ ఉన్నది మన దుండిగల్‌లోనే. అమ్మాయిలు కూడా 2022 నుంచి ఎన్‌డీఏలో చేరుతున్నారు. డిగ్రీ అయ్యాక వాయుసేన పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉంది.

విమానాల దగ్గర పని చేయాలన్నదే కోరిక అయితే, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగానికి రాయండి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తీసుకుంటుంది, శిక్షణలోనే జీతం ఇస్తుంది, వాళ్ల శిక్షణ కేంద్రం ఒకటి బేగంపేటలోనే ఉంది. విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్ చదువు, అంటే ఏఎంఈ, పైలట్ ఖర్చులో చిన్న భాగానికే అవుతుంది. శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రం ఉంది, 2025 నవంబర్‌లో సాఫ్రాన్ సంస్థ లీప్ అనే విమాన ఇంజిన్ల సర్వీసింగ్ కేంద్రం కూడా అక్కడే మొదలైంది. హైదరాబాద్ పిల్లలకు ఈ పని ఇంటి దగ్గరే ఉంది. నాకైతే దీన్ని చాలామంది చిన్నచూపు చూడటం బాధగా ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఏం చేయాలి?

ఒక్క రూపాయి ఫీజు కట్టకముందు మెడికల్. మొదట డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్. క్లాస్ వన్ మొదటిసారి చేసే చోట్లలో బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఒకటి. కళ్లజోడు ఉన్నంత మాత్రాన పోదు, అద్దాలతో చూపు 6/6 రావాలి. రంగులు గుర్తుపట్టలేకపోవడమే పెద్ద సమస్య, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. దగ్గర్లోని కంటి డాక్టర్ దగ్గర రంగు చుక్కల పుస్తకం చూపించి చేసే పరీక్షకు ఐదు నిమిషాలు చాలు.

మీ మేనల్లుడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్. గంటలు పెరుగుతున్నాయి, జీతం తక్కువ, ఈఎంఐ ఇంకా అన్నయ్యే కడుతున్నాడు. మావాడు టైప్ రేటింగ్‌కు డబ్బు కూడబెడుతున్నాడు. కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులు వస్తే, ఆ రోజు ఎగిరే విమానాలు ఎన్నో వాడే దగ్గరుండి చూపిస్తాడట.